పల్చటి ఫిల్మ్‌లో బ్లాక్ కోపాలిమర్ పొరలు ఎలా నిలుస్తాయో లెక్కగట్టడం

ఒకదానికొకటి పడని రెండు పాలిమర్ గొలుసుల్ని కొసకు కొస కట్టేస్తే డైబ్లాక్ కోపాలిమర్ అవుతుంది. విడిపోవాలని ఉన్నా ముడి వదలదు. అందుకే పదుల నానోమీటర్ల మందంలో ఒక రకం, మరో రకం, మళ్లీ మొదటి రకం అంటూ పొరలు పేరుకుంటాయి. ఇదే పదార్థాన్ని సిలికాన్ పలక మీద పల్చగా పరిస్తే ఇంకో చిక్కు వచ్చి పడుతుంది. కింద పలకకు ఒక ఇష్టం, పైన గాలికి మరో ఇష్టం, మధ్యలో ఉన్న మందం పొరల సహజ కొలతకు సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. పొరలు పలకకు సమాంతరంగా పడుకుంటాయా, నిలువుగా లేస్తాయా అన్నది ఈ మూడూ కలిసి తేలుస్తాయి. చిప్పుల మీద సన్నని గీతలు గీయడానికి ఈ పదార్థాన్ని వాడాలనుకునేవాళ్లకు కావలసింది నిలువు పొరలు. తీరా వచ్చేది చాలాసార్లు పడుకున్న పొరలు.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలోనో, పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో, ఏర్పేడు వైపున్న ఐఐటీ, ఐసర్‌లలోనో ఎంఎస్సీ ప్రాజెక్టుగా, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో దీన్ని ఎత్తుకునేవాళ్ల కోసం ఈ పద్ధతి రాస్తున్నాం. సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, పైథాన్, దాని లైబ్రరీలు నంపై, సైపై, బొమ్మలకు మాట్‌ప్లాట్‌లిబ్ ఉంటే చాలు. వాడే సిద్ధాంతం సెల్ఫ్ కన్సిస్టెంట్ ఫీల్డ్ థియరీ, పొట్టిగా ఎస్‌సీఎఫ్‌టీ. చుట్టూ ఉన్న గొలుసులన్నిటి ప్రభావాన్ని ఒక సగటు ఫీల్డుగా తీసుకుని, అందులో ఒక్క గొలుసు ఎలా సర్దుకుంటుందో ఇది లెక్కగడుతుంది. ఎడ్వర్డ్స్ 1965లో వేసిన పునాది మీద హెల్ఫాండ్ 1975లో దీన్ని బ్లాక్ కోపాలిమర్లకు తెచ్చారు. మాట్సెన్, షిక్ 1994లో దాన్ని పూర్తి కచ్చితత్వంతో సాధించి చూపారు.

మొదటే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ప్రోగ్రామ్ ఏ బొమ్మతో మొదలుపెడితే దాదాపు ఆ బొమ్మే తిరిగి ఇస్తుంది. పడుకున్న పొరలతో మొదలుపెడితే పడుకున్నవే వస్తాయి, నిలువుతో మొదలుపెడితే నిలువే వస్తాయి. కాబట్టి వచ్చిన బొమ్మ జవాబు కాదు. పోటీలో ఉన్న అమరికలన్నిటికీ ఒకే మందం దగ్గర ఫ్రీ ఎనర్జీ (ఏ అమరిక నిలుస్తుందో తేల్చే శక్తి) లెక్కగట్టి, ఏది తక్కువో చూడాలి. కింద రాసిన జాగ్రత్తలన్నీ ఆ పోలిక నమ్మదగినదిగా ఉండటానికే.

కాగితం మీద ముందు చేయాల్సిన లెక్క

కోడ్ తెరవకముందే మీ పదార్థానికి నాలుగు అంకెలు రాసిపెట్టుకోండి. ఉదాహరణగా పాలీస్టైరీన్, పీఎంఎంఏ (పాలీమీథైల్ మెథాక్రిలేట్) జంట తీసుకుందాం. స్టైరీన్ భాగం 25,000, పీఎంఎంఏ భాగం 26,000 అణుభారం ఉన్నది. స్టైరీన్ మోనోమర్ 104, పీఎంఎంఏ మోనోమర్ 100 కాబట్టి 240, 260 కలిపి ఎన్ విలువ, అంటే ఒక గొలుసులోని మోనోమర్ల సంఖ్య, సుమారు 500. రెండు రకాల మధ్య పొసగనితనాన్ని కొలిచే కై విలువను ఈ జంటకు రస్సెల్ బృందం 1990లో ఇచ్చిన సూత్రంతో వేయండి: 3.9ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించి 0.028కి కలపాలి. 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 0.036 వస్తుంది. రెంటినీ గుణిస్తే కై ఎన్ విలువ 18.

ఇక్కడే ఒక గుంట ఉంది. కై విలువ ఎప్పుడూ ఏదో ఒక రిఫరెన్స్ ఘనపరిమాణానికి కట్టుబడి ఉంటుంది. ఒక పేపర్‌లోంచి కై తీసుకుని, ఎన్‌ను మరో ఘనపరిమాణంతో లెక్కపెడితే కై ఎన్ ఎంతైనా తప్పిపోవచ్చు. కై తీసుకున్నచోటే ఆ ఘనపరిమాణం ఎంతో చూసుకుని, ఎన్ కూడా దానితోనే లెక్కపెట్టండి.

తర్వాత గొలుసు సైజు. స్టాటిస్టికల్ సెగ్మెంట్ పొడవు 0.68 నానోమీటర్లు అనుకుంటే, దాన్ని 500 బై 6 వర్గమూలంతో గుణిస్తే రేడియస్ ఆఫ్ జైరేషన్ 6.2 నానోమీటర్లు. ఇకపై దీన్ని ఆర్‌జీ అందాం. పొడవులన్నీ ఆర్‌జీల్లోనే కొలుద్దాం.

బల్క్‌లో, అంటే గోడల ప్రభావం లేని ముద్ద పదార్థంలో, ఒక జంట పొరల మందాన్ని ఎల్ నాట్ అంటారు. గట్టిగా విడిపోయిన స్థితికి సెమెనోవ్ సిద్ధాంతం ఇచ్చే అంచనా: ఎల్ నాట్ అంటే 2.69 ఆర్‌జీలు, దాన్ని కై ఎన్ ఆరో మూలంతో గుణించాలి. మన అంకెలకు 4.36 ఆర్‌జీలు, అంటే 27 నానోమీటర్లు. ఈ పదార్థానికి ప్రయోగాల్లో కనిపించేది 28 దగ్గర్లో. ఎస్‌సీఎఫ్‌టీ నేరుగా సాధిస్తే దీనికంటే కొంచెం తక్కువ, 4 ఆర్‌జీల దగ్గర వస్తుంది. తేడా చూసి కంగారు పడొద్దు. సెమెనోవ్ లెక్క కై ఎన్ చాలా పెద్దగా ఉన్నప్పటిది. మరోవైపు, పొరలు అప్పుడే మొదలయ్యే హద్దు దగ్గర, అంటే లైబ్లర్ 1980లో లెక్కగట్టిన 10.495 దగ్గర, ఎల్ నాట్ 3.23 ఆర్‌జీలు. మీ జవాబు ఈ రెంటి మధ్య పడాలి.

నాలుగోది ఇంటర్‌ఫేస్ (రెండు పొరలు కలిసే చోటు) వెడల్పు: 2 ఆర్‌జీలను కై ఎన్ వర్గమూలంతో భాగించండి. 0.47 ఆర్‌జీ, దాదాపు 2.9 నానోమీటర్లు. గ్రిడ్, అంటే లెక్క కోసం ఫిల్మ్‌ను విభజించే గడులు, ఎంత సన్నగా ఉండాలో నిర్ణయించేది ఇదే.

గోడల్ని ఎలా పెట్టాలి

గోడను మోడల్‌లో పెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది, గోడ దగ్గర సాంద్రత మెల్లగా సున్నాకు దిగేలా మాస్క్ పెట్టడం. రెండోది, గోడ వరకు సాంద్రత నిండుగా ఉంచి, గోడ దగ్గర గొలుసు ప్రవాహం సున్నా అనే హద్దు షరతు పెట్టడం. కొత్తవాళ్లు రెండోదానితోనే మొదలుపెట్టాలి. ఇందులో ఫిల్మ్ మందం మీద అనుమానమే ఉండదు, గ్రిడ్ పొడవే మందం. మాస్క్‌లో మందం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీరే నిర్వచించుకోవాలి. అక్కడ పొరపాటు జరిగితే ఏ మందం దగ్గర ఎన్ని పొరలు వస్తాయన్న ప్రధాన ఫలితమే పక్కకు జరిగిపోతుంది.

గోడ ఇష్టాన్ని హెచ్ అనే ఫీల్డ్‌గా పెట్టండి. గోడ నుంచి 0.2 ఆర్‌జీ లోతు వరకే ఉండాలి, కొసైన్ ఆకారంలో సున్నాకు దిగాలి. దాని మొత్తం విస్తీర్ణాన్ని లాంబ్డా అందాం. హెచ్ విలువ: లాంబ్డాను 0.2తో భాగించి, ఒకటికి కొసైన్ కలిపిన మొత్తంతో గుణించడం. ఆ కొసైన్ కోణం గోడ దగ్గర సున్నా, 0.2 ఆర్‌జీ లోతులో పై (π). మందం మారినప్పుడల్లా గ్రిడ్ గడి వెడల్పు మారుతుంది, ఈ సన్నని పట్టీలో పడే బిందువుల సంఖ్యా మారుతుంది. అందుకని ప్రతిసారీ హెచ్ విలువలన్నీ కూడి గడి వెడల్పుతో గుణించి, సరిగ్గా లాంబ్డా వచ్చేలా సరిచేయండి. ఈ ఒక్క వరుస రాయకపోతే ఫ్రీ ఎనర్జీ వక్రరేఖ మీద రంపం పళ్లలాంటి గతుకులు వస్తాయి. వాటిని చూసి ఏదో కొత్త ఫేజ్ దొరికిందనుకునే ప్రమాదం ఉంది.

లాంబ్డా ఎంత పెట్టాలి? ఊహించి పెట్టొద్దు, ఉపరితల శక్తుల నుంచి తేవాలి. గొలుసులోని రెండు రకాల భాగాల్ని బ్లాకులంటారు, వాటిని ఇంగ్లీషు అక్షరాలతో ఏ (A), బీ (B) అందాం. గోడ మీద ఏ బ్లాక్ ఉన్నప్పటి శక్తికీ, బీ బ్లాక్ ఉన్నప్పటి శక్తికీ ఉన్న తేడా ఎంతంటే: 2 లాంబ్డాను గొలుసుల సాంద్రతతో, ఆర్‌జీతో, కేటీతో (బోల్ట్జ్‌మన్ స్థిరాంకం సార్లు ఉష్ణోగ్రత) గుణించాలి. మోనోమర్ సాంద్రత ఘన నానోమీటరుకు 6 అనుకుంటే, 500తో భాగించగా గొలుసుల సాంద్రత 0.012. లాంబ్డా 1 అయితే తేడా చదరపు నానోమీటరుకు 0.149 కేటీ. 200 డిగ్రీల దగ్గర చదరపు మీటరుకు 1 మిల్లీజౌల్ అంటే చదరపు నానోమీటరుకు 0.153 కేటీ. అంటే ఈ పదార్థానికి లాంబ్డా 1 అన్నది దాదాపు 1 మిల్లీజౌల్ తేడా. మీ పదార్థానికి ఇది మారుతుంది, మళ్లీ వేసుకోండి.

1 మిల్లీజౌల్ చిన్నదే కదా అనిపిస్తుంది. ఏ, బీ పొరల మధ్య ఇంటర్‌ఫేస్ టెన్షన్ కూడా ఇదే లెక్కలో 2 మిల్లీజౌళ్లే. గోడ ఇష్టం అందులో సగమైతే అది చిన్నది కాదు.

సాల్వర్

ఒక్క దిశలో, అంటే గోడ నుంచి గోడకు, 256 గడులతో మొదలుపెట్టండి. గొలుసు పొడవును సున్నా నుంచి ఒకటి దాకా 100 అడుగులుగా విభజించండి. ఇంటర్‌ఫేస్ వెడల్పులో కనీసం 8 బిందువులైనా పడాలి. 10 ఆర్‌జీల ఫిల్మ్‌కు గడి వెడల్పు 0.04 కాబట్టి 11 పడతాయి, చాలు. కై ఎన్ 50 దాటితే గడులు రెట్టింపు చేసి గొలుసును 200 అడుగులు చేయండి.

గొలుసు ఒక కొస నుంచి నడుస్తూ ఏ చోట ఎంత వరకు ఉండగలదో చెప్పేది ప్రొపగేటర్ క్యూ. అది అన్నిచోట్లా 1తో మొదలవుతుంది. ఒక్కో అడుగులో మూడు పనులు చేయాలి: సగం అడుగుకు ఫీల్డ్ ఎక్స్‌పొనెన్షియల్‌తో గుణించడం, కొసైన్ ట్రాన్స్‌ఫామ్ తీసి డిఫ్యూజన్ గుణకంతో గుణించి వెనక్కు తేవడం, మళ్లీ సగం అడుగు ఫీల్డ్. సైపైలోని డీసీటీ (డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్) రెండో రకం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. గోడ దగ్గర వాలు సున్నా అన్న షరతు అందులోనే ఉంది. తప్పు ఎక్కువగా జరిగే చోటు తరంగ సంఖ్య. ఫోరియర్‌కు అలవాటుపడిన చేతితో 2 పై ఎం బై మందం అని రాసేస్తారు. కొసైన్ ట్రాన్స్‌ఫామ్‌కు అది పై ఎం బై మందం. 2 ఉండకూడదు. ఈ తప్పుతో కూడా కోడ్ చక్కగా కన్వర్జ్ అవుతుంది, అంటే ఒక జవాబు దగ్గర స్థిరపడుతుంది, పొరలూ కనిపిస్తాయి. కాకపోతే ఎల్ నాట్ రెట్టింపు వస్తుంది.

గొలుసు మొదటి సగంలో ఏ ఫీల్డ్, రెండో సగంలో బీ ఫీల్డ్ వాడండి. రెండో కొస నుంచి వెనక్కు నడిచే ప్రొపగేటర్ కూడా కట్టాలి. రెండూ గుణించి, ఏ భాగం మీద కూడితే ఏ సాంద్రత, బీ భాగం మీద కూడితే బీ సాంద్రత. కూడటానికి సింప్సన్ సూత్రం వాడుతుంటే ఒక్కో బ్లాక్‌లో అడుగుల సంఖ్య సరి సంఖ్య కావాలి. 50, 50 అయితే ఇబ్బంది లేదు. ఏ భాగం 0.47 అయితే 47 అడుగులు వచ్చి సూత్రం పనిచేయదు. అప్పుడు 200 అడుగులకు పోండి, 94, 106 వస్తాయి. బ్లాకులు కలిసే ముడి గ్రిడ్ బిందువు మీదే పడాలన్నది మరిచిపోవద్దు.

ఇక ఫీల్డుల సవరణ. ఏ ఫీల్డు కొత్త విలువ: కై ఎన్‌ను బీ సాంద్రతతో గుణించి, హెచ్ తీసేసి, పీడన ఫీల్డు కలపండి. బీ ఫీల్డుకు కై ఎన్‌ను ఏ సాంద్రతతో గుణించి, హెచ్ కలిపి, పీడన ఫీల్డు కలపండి. పీడన ఫీల్డు అంటే పాత రెండు ఫీల్డుల మొత్తంలోంచి కై ఎన్ తీసేసి సగం చేయడం. ఇలా రాస్తే మొత్తం సాంద్రత ఎక్కడ 1 దాటితే అక్కడ ఫీల్డులు పెరిగి గొలుసుల్ని బయటకు నెడతాయి. ఇన్‌కంప్రెసిబిలిటీ, అంటే మొత్తం సాంద్రత అన్నిచోట్లా 1గా ఉండటం, దానంతటదే కుదురుతుంది. కొత్త ఫీల్డును పూర్తిగా తీసుకోవద్దు, పాతదానికి తేడాలో పదో వంతు మాత్రమే కలపండి. పదో వంతుకే ఊగిసలాడితే ఇరవయ్యో వంతుకు దిగండి. లోపం 0.1 కంటే తగ్గాక, వెనకటి ఫీల్డుల నుంచి తర్వాతిదాన్ని అంచనా వేసే ఆండర్సన్ మిక్సింగ్‌కు మారండి, వెనకటి 10 ఫీల్డులు గుర్తుంచుకుంటే చాలు. మొదటి నుంచే ఆండర్సన్ పెడితే చాలాసార్లు పేలిపోతుంది. ఫీల్డు ఇంకా దారిలో పడకముందు పాత చరిత్రలో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఆపాల్సింది ఎప్పుడు? ఫీల్డుల తేడా 10 లక్షల్లో ఒక వంతుకు దిగాక. సాంద్రత బొమ్మ దీనికి చాలా ముందే కదలడం మానేస్తుంది, అక్కడ ఆపేయాలనిపిస్తుంది. ఆపొద్దు. రెండు అమరికల మధ్య ఫ్రీ ఎనర్జీ తేడా గొలుసుకు వెయ్యో వంతు కేటీ ఉండే చోట్లే మీకు అసలు పని.

ఫ్రీ ఎనర్జీ, గొలుసుకు కేటీల్లో: సింగిల్ చెయిన్ పార్టిషన్ ఫంక్షన్ (గొలుసు చివర ప్రొపగేటర్ విలువల సగటు) లాగరిథమ్‌కు మైనస్ గుర్తు, దానికి సగటున కై ఎన్ సార్లు ఏ, బీ సాంద్రతల లబ్ధం కలపాలి. హెచ్‌ను ఏ, బీ సాంద్రతల తేడాతో గుణించినది తీసేయాలి. ఒక్కో ఫీల్డును దాని సాంద్రతతో గుణించినవీ తీసేయాలి.

ఫలితాన్ని నమ్మేముందు పరీక్షలు

ఈ భాగం దాటవేయకండి. ఒక్కో పరీక్షకు పట్టేది నిమిషాలే.

రెండు ఫీల్డులకూ అన్నిచోట్లా 1 కలిపి మళ్లీ ఫ్రీ ఎనర్జీ చూడండి, మారకూడదు. మారితే సూత్రంలో ఒక గుర్తు తప్పు, లేదా సాంద్రతను భాగించే ఘనపరిమాణం తప్పు. ముందు నుంచి నడిచిన ప్రొపగేటర్, వెనక నుంచి నడిచినది గుణించి ఫిల్మ్ అంతటా కూడితే, గొలుసు మీద ఏ బిందువు తీసుకున్నా ఒకే విలువ రావాలి. ముడి దగ్గర విలువ దూకితే ఫీల్డులు తారుమారయ్యాయి.

హెచ్ సున్నా చేసి కై ఎన్ 10 పెట్టండి, పొరలు కరిగిపోవాలి. 11 పెట్టండి, నిలవాలి. హద్దుకు దగ్గరైనకొద్దీ కన్వర్జెన్స్ నత్తనడకన సాగుతుంది, అది మామూలే. కై ఎన్ 20 దగ్గర కలిసిపోయిన ద్రవానికి ఫ్రీ ఎనర్జీ సరిగ్గా 5, పొరలకు అంతకంటే తక్కువ రావాలి.

అన్నిటికంటే గట్టి పరీక్ష ఇది. హెచ్ సున్నాగా ఉంచి మందాన్ని మార్చుతూ పోండి. ఎల్ నాట్‌లో సగానికి పూర్ణ గుణిజం అయిన ప్రతి మందం దగ్గరా ఫ్రీ ఎనర్జీ బల్క్ విలువకు లక్షలో ఒక వంతు దాకా సరిపోవాలి. ఎందుకంటే వాలు సున్నా గోడ, బల్క్‌లో పొర నట్టనడుమ ఉండే సౌష్ఠవ తలమే. ఈ పరీక్షలోంచే మీ ఎల్ నాట్ కూడా బయటికొస్తుంది. సెమెనోవ్ అంచనా పక్కనపెట్టి ఇకపై ఈ విలువనే వాడండి.

మందాన్ని మార్చుతూ నడపడం

ఇప్పుడు రెండు గోడలకూ లాంబ్డా 1 పెట్టండి, రెండూ ఏ బ్లాక్‌నే ఇష్టపడుతున్నాయి. మందం 0.8 ఎల్ నాట్ నుంచి 3.6 దాకా, 0.05 చొప్పున పెంచండి. ప్రతి మందం దగ్గరా ఒక జంట, రెండు జంటలు, మూడు, నాలుగు, విడివిడిగా మొదలుపెట్టాలి. మొదటి అంచనాగా ఏ సాంద్రత 0.5కు 0.3 సార్లు కొసైన్ కలపండి, కొసైన్ లోపల 2 పై సార్లు జంటల సంఖ్య, దూరం బై మందం. ముందు మందం దగ్గర వచ్చిన ఫీల్డునే తర్వాతి మందానికి ఇస్తే త్వరగా కన్వర్జ్ అవుతుంది. కానీ జంటల సంఖ్య పాతదే పట్టుకుని వేలాడుతుంది, మారాల్సినచోట మారదు. రెండు చివరల నుంచీ, అంటే పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి నడిపితే ఆ పట్టు ఎంత దూరం సాగుతుందో తెలుస్తుంది.

వచ్చిన వక్రరేఖలు ఎక్కడ ఒకదాన్నొకటి కోసుకోవాలో చేతిలెక్కతో ముందే తెలుసు. ఒక జంట పొరల్ని సహజ మందానికి ఎన్ని రెట్లు సాగదీశామో ఆ నిష్పత్తిని తీసుకోండి. దాని వర్గానికి, 2ను ఆ నిష్పత్తితో భాగించినది కలిపి, 3తో భాగిస్తే బల్క్ విలువకు ఎన్ని రెట్లో వస్తుంది. మొదటి ముక్క గొలుసులు సాగడం, రెండోది ఇంటర్‌ఫేస్ విస్తీర్ణం. దీనిలోంచి ఒక జంట నుంచి రెండు జంటలకు మారే మందం 1.39 ఎల్ నాట్. రెండు నుంచి మూడుకు 2.43, మూడు నుంచి నాలుగుకు 3.45. సరిగ్గా 1.5, 2.5 కాకపోవడం గమనించండి. జంటల సంఖ్య పెరిగితే మందంలోని తేడాను ఒక జంట ఎక్కువగా పంచుకుంటుంది కాబట్టి మార్పు ముందే వస్తుంది. మీ ఎస్‌సీఎఫ్‌టీ అంకెలు వీటి నుంచి కాస్త జరగవచ్చు, ఎందుకంటే 18 అంటే గట్టి విభజన కాదు. 1.2 దగ్గరో 1.6 దగ్గరో కోసుకుంటే మాత్రం గోడ ఫీల్డు దగ్గరికి తిరిగి వెళ్లండి.

నిలువు పొరలు ఎప్పుడు గెలుస్తాయి

నిలువు పొరలకు మందంతో పేచీ లేదు, వెడల్పు దిశలో ఎల్ నాట్ హాయిగా దొరుకుతుంది. కానీ గోడకు ఇష్టంలేని బ్లాక్ కూడా సగం చోటు తీసుకుంటుంది, దానికి ధర కట్టాలి. పడుకున్న పొరలకు గోడ ధర లేదు, సరిపడని మందానికి ధర ఉంది. ఏది తక్కువో అది నిలుస్తుంది.

మన అంకెలతో వేసి చూద్దాం. బల్క్ ఫ్రీ ఎనర్జీ సెమెనోవ్ లెక్కలో గొలుసుకు 1.12 సార్లు కై ఎన్ ఘనమూలం, అంటే 2.9 కేటీ. ఎల్ నాట్ 28 నానోమీటర్లు తీసుకుందాం. అన్నిటికంటే చెడ్డ మందం 1.39 ఎల్ నాట్, 39 నానోమీటర్లు. అక్కడ నష్టం 12 శాతం. చదరపు నానోమీటరుకు 0.47 గొలుసులు. మొత్తం 0.166 కేటీ, అంటే 1.1 మిల్లీజౌళ్లు. రెండు గోడలూ ఒకే తీరువైతే, ఒక్కో గోడ ఇష్టం ఇంతకు మించితే ఆ మందం దగ్గర కూడా నిలువు పొరలు రావు. 2.43 దగ్గర ఈ హద్దు 0.64కు, 3.45 దగ్గర 0.46కు పడిపోతుంది. ఫిల్మ్ మందం పెరిగేకొద్దీ నష్టం ఎక్కువ పొరలకు పంచబడుతుంది కాబట్టి నిలువు పొరలకు అవకాశం సన్నగిల్లుతుంది. నిలువు కావాలంటే పలకను తటస్థంగా చేయక తప్పదని ఈ అంకెలే చెబుతున్నాయి. మాన్స్కీ, రస్సెల్, హాకర్ బృందం 1997లో చేసి చూపింది అదే. స్టైరీన్, ఎంఎంఏ (పీఎంఎంఏ మోనోమర్) కలగలిసిన రాండమ్ కోపాలిమర్‌ను పలకకు అతికించారు. అందులో స్టైరీన్ పాలు 0.6కు కాస్త అటూ ఇటూ ఉన్నప్పుడు పలక రెంటినీ సమానంగా చూస్తుంది.

దీన్ని ఎస్‌సీఎఫ్‌టీలో సరిచూడాలంటే రెండు దిశల గ్రిడ్ కావాలి. వెడల్పు దిశలో 64 గడులు, మామూలు ఫోరియర్. మందం దిశలో 256 గడులు, కొసైన్. వెడల్పు దిశలో ఒక్క ఎల్ నాట్ పెట్టేసి ఊరుకుంటే నిలువు పొరలకు అన్యాయం చేసినట్టే. గోడ ఫీల్డు వల్ల వాటి కాలం కొద్దిగా మారుతుంది. ఎల్ నాట్‌కు 5 శాతం అటూ ఇటూ 5 వెడల్పులు తీసుకుని, ఫ్రీ ఎనర్జీకి పారబోలా గీసి అడుగు విలువ తీసుకోండి. పడుకున్న పొరల్ని కూడా ఇదే రెండు దిశల కోడ్‌లో నడిపి, ఒక దిశ కోడ్ ఇచ్చిన విలువే వస్తోందో లేదో చూడండి. రెండు వేరు కోడ్‌ల అంకెల్ని నేరుగా పోల్చితే గ్రిడ్ తేడాయే ఫేజ్ తేడాలా కనబడుతుంది.

ఒక గోడ తటస్థం, రెండోది గట్టి ఇష్టం ఉన్నదైతే, ఒకవైపు నిలువు, మరోవైపు పడుకున్న మిశ్రమ అమరిక కూడా పోటీలో ఉంటుంది. దానికీ విడిగా మొదలు బొమ్మ ఇచ్చి నడపండి.

ఈ రెండు దిశల పరుగులు రాత్రంతా సాగుతాయి. పల్లెలో కూర్చుని నడుపుతుంటే కరెంటు పోతుంది, మే నెల ఎండకు ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గిస్తుంది. ప్రతి 200 ఇటరేషన్లకు ఫీల్డుల్ని డిస్క్ మీద దాచండి. సాంద్రతల్ని దాచినా లాభం లేదు, మళ్లీ మొదలుపెట్టడానికి కావలసింది ఫీల్డులే.

పైన గాలి ఉన్నప్పుడు

రెండు గోడల మధ్య బిగించిన ఫిల్మ్ లెక్కకు బాగుంటుంది. ప్రయోగంలో మాత్రం పై వైపు గాలి, ఫిల్మ్ ఎక్కడికక్కడ మందం మార్చుకోగలదు. మందం కుదరకపోతే పొరలు సాగి బాధపడవు. పైభాగం కొన్నిచోట్ల ఒక మెట్టు ఎత్తుగా, కొన్నిచోట్ల ఒక మెట్టు లోతుగా విడిపోతుంది. అలిపిరి దారిలో మెట్టుకూ మెట్టుకూ మధ్య కాలు పెట్టే చోటు లేనట్టే, ఇక్కడా ఎల్ నాట్‌లో భాగం ఎత్తు మెట్టు ఉండదు. వీటినే ఐలాండ్లు, హోల్స్ అంటారు.

దీన్ని లెక్కలోకి తేవడం సులువు. గొలుసుకు వచ్చిన ఫ్రీ ఎనర్జీని మందంతో గుణిస్తే విస్తీర్ణానికి లెక్క వస్తుంది. మందం మీద దాన్ని గీసి ఉమ్మడి స్పర్శరేఖ గీయండి. అది తాకే రెండు మందాలే రెండు మెట్లు. రెండు వైపులా ఒకే బ్లాక్ ఇష్టమైతే మెట్లు 1, 2, 3 ఎల్ నాట్‌లు. సగటు మందం 1.4 అయితే 40 శాతం చోటు రెండో మెట్టు మీద, మిగతాది మొదటి మెట్టు మీద. సిలికాన్ ఆక్సైడ్ పీఎంఎంఏను ఇష్టపడుతుంది, గాలివైపు స్టైరీన్ తేలుతుంది. కాబట్టి ఆ ఫిల్మ్‌లో మెట్లు 1.5, 2.5 అలా సగం కలిసి వస్తాయి. దీన్ని నడపాలంటే ఒక గోడ హెచ్ గుర్తు మార్చండి, మొదటి అంచనాలో జంటల సంఖ్యకు సగం కలపండి.

ఈ మోడల్ చెప్పలేనివి

ఎస్‌సీఎఫ్‌టీ సగటు ఫీల్డు సిద్ధాంతం, ఊగిసలాటలు ఇందులో లేవు. మన పదార్థానికి అది చిన్న విషయం కాదు. ఫ్రెడ్రిక్సన్, హెల్ఫాండ్ 1987లో ఇచ్చిన సవరణ ప్రకారం హద్దు 10.495కి, 41ని ఇన్‌వేరియంట్ పాలిమరైజేషన్ ఇండెక్స్ (గొలుసులు ఒకదానిలో ఒకటి ఎంతగా చొరబడతాయో చెప్పే అంకె) ఘనమూలంతో భాగించి కలపాలి. మన అంకెలకు ఆ ఇండెక్స్ 1,780 దగ్గర, హద్దు 13.9కి పెరుగుతుంది. 18 దానికి పైనే ఉంది కాబట్టి పొరల లెక్క నిలుస్తుంది. కై ఎన్ 12 ఉన్న పదార్థానికి ఎస్‌సీఎఫ్‌టీ పొరలు చూపించినా, ఇంత పొట్టి గొలుసుల్లో అవి ఉండకపోవచ్చు.

ఇంటర్‌ఫేస్ వెడల్పు దగ్గర కూడా ఇదే సంగతి. పాలీస్టైరీన్, పీఎంఎంఏ ఫిల్మ్‌లలో న్యూట్రాన్ రిఫ్లెక్టివిటీతో కొలిచినప్పుడు దాదాపు 5 నానోమీటర్లు వచ్చింది. మన సూత్రం 2.9 అంటోంది. గొలుసుల పొట్టితనం కొంత కారణం, ఇంటర్‌ఫేస్ మీద పుట్టే క్యాపిలరీ అలలు మరికొంత. కొలతకు సరిపోవాలని కై విలువను తగ్గించి సర్దేయకండి, ఎల్ నాట్ తప్పుతుంది, హద్దూ తప్పుతుంది. వెడల్పును ఉన్నదున్నట్టు రాసి, అలల సవరణ విడిగా కలపండి.

వాలు సున్నా గోడకూ ఒక లోటు ఉంది. నిజమైన గోడ గొలుసుల్ని కదలనివ్వకుండా ఇబ్బంది పెడుతుంది, అందువల్ల పూర్తిగా తటస్థమైన గోడ దగ్గర నిలువు పొరలకు చిన్న మొగ్గు ఉంటుంది. మన మోడల్‌లో ఆ మొగ్గు సున్నా. తటస్థానికి బాగా దగ్గరగా ఉన్న గోడల మీద తీర్పు చెప్పాల్సి వస్తే మాస్క్ పద్ధతికి మారండి, అప్పుడు సాంద్రతల్ని భాగించే ఘనపరిమాణం బాక్సు మొత్తం కాదు, మాస్క్ తీసేయగా మిగిలిన చోటు మాత్రమే.

ఫలితాల పట్టికలో ప్రతి వరుసకూ కై ఎన్, ఏ భాగం, లాంబ్డా రెండు గోడలకూ, మందం, గడుల సంఖ్య, గొలుసు అడుగులు, ఆగినప్పటి లోపం, ఏ బొమ్మతో మొదలుపెట్టారో, ఫ్రీ ఎనర్జీ ఐదు దశాంశాల దాకా రాయండి. గెలిచిన అమరిక ఒక్కటే కాదు, ఓడినవాటి అంకెలూ ఉండాలి. గడులు, అడుగులు రెట్టింపు చేసి ఒక్కో కోతబిందువు దగ్గర మళ్లీ నడిపిన విలువ పక్కనే పెట్టండి.